హైతీకి ఒక కాటన్ దొర కావాలా?

2025 జనవరి ఒకటో తారీఖు పొద్దున్న పదిన్నరకి ఆవిడ మా తలుపు తట్టింది. ఆవిడకి డ్యూటీ లేని రోజు అది. చేతిలో మా ఇంటి స్టీలు డబ్బా ఉంది. వారం ముందు క్రిస్మస్‌కని అమ్మ అందులో సున్నుండలు పెట్టి పంపింది. ఒకరి గిన్నెని ఖాళీగా తిరిగి ఇవ్వకూడదన్న పట్టింపు మనకే ఉందనుకున్నాను ఇన్నాళ్ళూ. మూత తీస్తే పసుపూ నారింజా కలిసిన రంగులో వేడి వేడి సూపు. గుమ్మడికాయ ఉడికించి మెత్తగా మెదిపి, అందులో బంగాళాదుంప, క్యారెట్, క్యాబేజీ, కాస్త మాకరోనీ, రెండు లవంగాలు వేసింది. పైన ఒక మిరపకాయ చిట్లకుండా తేలుతోంది. "మామూలుగా ఇందులో గొడ్డు మాంసం వేస్తాం. మీ అమ్మగారు తినరు కదా, ఇది వేరే గిన్నెలో చేశాను" అంది.

అమ్మకి తుంటి ఆపరేషన్ అయిన దగ్గర్నుంచి వారానికి నాలుగు రోజులు ఇంటికొచ్చి చూసుకునే మనిషి ఆవిడ. 2010 భూకంపం తర్వాత కరీబియన్ సముద్రంలోని హైతీ దేశం నుంచి బోస్టన్ వచ్చేసింది. ఆవిడ ఇక్కడ ఉండగలగడానికి ఆధారం టీపీఎస్ అనే తాత్కాలిక రక్షణ. దాన్ని తీసేస్తామని అమెరికా ప్రభుత్వం 2025లో ప్రకటించింది. వ్యవహారం కోర్టుకెక్కింది. అందుకే ఆవిడ పేరు రాయడం లేదు.

ఆ సూపు కథ ఆవిడే చెప్పింది. ఫ్రెంచివాళ్ళ కాలంలో బానిసలు వండాలి, దొరలు తాగాలి. వండిన చేతులకి రుచి చూసే హక్కు లేదు. 1804 జనవరి 1న గొనాయీవ్ ఊళ్ళో స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాక అందరూ తాగారట. అప్పట్నుంచి ప్రపంచంలో ఎక్కడున్నా హైతీ వాళ్ళ ఇళ్ళల్లో ఆ రోజు పొద్దున్న ఇదే. అమ్మ రెండు గిన్నెలు తాగింది.

అదే రోజు సాయంత్రం ఒక స్నేహితుల ఇంట్లో అందరం కలిశాం. నేను ఈ సూపు సంగతి చెప్పాను. అక్కడ ఒక పెద్దాయన ఉన్నారు. మన ఇరిగేషన్ శాఖలో పనిచేసి రిటైరై, పిల్లల దగ్గరికి వచ్చారు. అందరం బాబాయిగారు అంటాం. ఆయన మాట తేలిగ్గా తీసుకునేది కాదు, కాలువల మీద ముప్ఫై ఏళ్ళు తిరిగిన మనిషి. "పాపం, స్వతంత్రం తెచ్చుకున్నారు గానీ నడిపించే నాయకుడు దొరకలేదు. మనకి కాటన్ దొర దొరికాడు. వాళ్ళకీ ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, గట్టివాడు దొరికుంటే ఆ దేశం ఇలా ఉండేది కాదు" అన్నారు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. ఇంటికొచ్చాక నిద్ర పట్టలేదు. ఆ మాట తప్పని నాకు అనిపిస్తోంది, కానీ ఎందుకు తప్పో చెప్పడానికి ఆ రాత్రి నా దగ్గర మాటలు లేవు. తర్వాత నెలల తరబడి చదువుతూ, ఆవిడని అడుగుతూ కూడగట్టుకున్న జవాబు ఇది.

ఎవరెవరు వచ్చారో చూడండి

గట్టివాడు దొరకలేదంటే ముందు హైతీ చరిత్రే ఒప్పుకోదు. 1803 నవంబరు 18న వెర్తియేర్ దగ్గర నెపోలియన్ సైన్యాన్ని ఓడించినవాడు జాన్ జాక్ డెసలీన్. ఒకప్పటి బానిస. ఉత్తరాన రాజ్యం స్థాపించిన ఆన్రీ క్రిస్టోఫ్ కట్టించిన సిటడెల్ కోట ఇప్పటికీ కొండ మీద నిలిచి ఉంది. ఫ్రాన్స్ మళ్ళీ దండెత్తి వస్తే కాచుకోవడానికి కట్టిన కోట అది. పట్టుదల, తెలివి, క్రమశిక్షణ, దేనికీ తక్కువ లేదు ఆ మనుషులకి.

ఈ కాలానికి రండి. 1957లో అధ్యక్షుడైన ఫ్రాన్స్వా డువాలియర్ ఎవరు? పల్లెల్లో తిరిగిన డాక్టరు. యాస్ అని చర్మాన్నీ ఎముకల్నీ తినేసే ఒక రోగం ఉండేది. 1940లలో దాన్ని తరిమికొట్టడానికి పెన్సిలిన్ సూదులతో ఊళ్ళు తిరిగిన బృందంలో పనిచేశాడు. పాపా డాక్ అన్న పేరు ఆ అభిమానంతోనే వచ్చింది. అదే మనిషి టొంటొం మకూత్ అనే సొంత దళాన్ని పెంచి ఊళ్ళకి ఊళ్ళని వణికించాడు. 1964లో తనని తాను జీవితకాల అధ్యక్షుడిగా ప్రకటించుకున్నాడు. 1971లో పోతూ పోతూ 19 ఏళ్ళ కొడుకుని కూర్చోబెట్టిపోయాడు. ఆ కొడుకు 1986 ఫిబ్రవరి 7న దేశం వదిలి పారిపోయేదాకా మొత్తం 29 ఏళ్ళు. గట్టి నాయకుడి కోసం ఎదురుచూసే వాళ్ళకి నా మొదటి జవాబు ఈ 29 ఏళ్ళే.

తర్వాత వచ్చిన అరిస్టీడ్ మురికివాడల చర్చిలో ఫాదర్. 1990 డిసెంబరులో 67 శాతం ఓట్లతో గెలిచాడు. అంత న్యాయంగా జరిగిన ఎన్నిక అంతకుముందు హైతీ చూడలేదు. గద్దెనెక్కి ఎనిమిది నెలలు తిరక్కుండానే సైన్యం గెంటేసింది. 2017లో గద్దెనెక్కిన జొవెనెల్ మొయిజ్ ఉత్తరాన అరటి తోటలు వేసినవాడు. జనం కూడా అరటిపళ్ళాయన అనే పిలిచేవారు. 2021 జూలై 7 రాత్రి ఇంట్లోనే కాల్చి చంపారు.

డాక్టరు, ఫాదరు, తోటల యజమాని. ముగ్గురూ ఊళ్ళలోంచి, వాడల్లోంచి పైకొచ్చిన వాళ్ళే. ముగ్గురికీ జనం ఆశతో ఓట్లేశారు. ఇలా అంటే వ్యక్తుల తప్పుల్ని మాఫీ చేస్తున్నట్టు ఉంటుందేమోనని నాకే ఒక సందేహం. మకూత్‌ల పాపం డువాలియర్‌దే. అరిస్టీడ్ రెండోసారి గెలిచి వచ్చినప్పుడు ఆయన పేరు చెప్పి ఆయుధాలు పట్టుకు తిరిగిన ముఠాల విషయంలో ఆయనకీ బాధ్యత ఉంది. ఎవరికీ మినహాయింపు ఇవ్వను. కానీ ఇంత వేరువేరు చోట్ల నుంచి వచ్చిన మనుషులందరూ ఒకే కుర్చీలో కూర్చున్నాక ఒకేలా తయారవుతుంటే, లేదా కూలిపోతుంటే, మనిషిని వదిలి ఒక్కసారి ఆ కుర్చీ కేసి చూడాలి కదా.

కుర్చీకి తిండి పెట్టేది ఎవరు

బాబాయిగారు కాటన్ దొరని తలచుకున్నారు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను. మాదీ కోనసీమే. మా ఊరి సెంటర్లో ఉన్న ఆయన విగ్రహానికి దండం పెట్టుకునే పెరిగాను. ఆ గౌరవం తగ్గదు. కానీ 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిందంటే కంపెనీవాళ్ళకి మన మీద జాలి పుట్టి కాదు. కరువులతో, తుపానులతో గోదావరి జిల్లాలో శిస్తు పడిపోయింది. నీళ్ళిస్తే పంట, పంట వస్తే శిస్తు అని కాటన్ లెక్కలు వేసి చూపిస్తే పైవాళ్ళు ఒప్పుకున్నారు. ఏలేవాడు పరాయివాడే, దోచుకోవడానికి వచ్చినవాడే. అయినా వాడి పెట్టె నిండాలంటే మన చేను పండాలి. ఆ ఒక్క ముడి వల్ల మనకి కాలువలొచ్చాయి.

హైతీలో ఆ ముడి పడలేదు. ఇదే నేను చెప్పదలచుకున్న అసలు మాట. అక్కడ ఎవరు గద్దెనెక్కినా వాళ్ళ పెట్టె నిండింది రేవులో కస్టమ్స్ ఆఫీసు నుంచి, తర్వాత అప్పుల నుంచి, ఆ తర్వాత విదేశీ సాయం నుంచి. రైతు పండించాడా ఎండబెట్టాడా అన్నదానితో కుర్చీకి పని లేకపోయింది.

మొదట్లో ఇంకో తగాదా కూడా ఉంది. దీన్ని ఫ్రాన్స్ మీదకి నెట్టలేం. బానిసత్వం పోయాక జనానికి కావలసింది సొంతంగా ఓ చెక్క నేల, అందులో తిండిగింజలు. పాలకులకి కావలసింది పాత చెరకు తోటలు మళ్ళీ నడవడం, ఎగుమతులు, తుపాకులకి డబ్బు. బానిసల తిరుగుబాటుని నడిపిన టూసాన్ లూవెర్చూర్ అంతటివాడు 1801 రాజ్యాంగంలోనే కూలీలని తోటలకి కట్టేశాడు. క్రిస్టోఫ్ అదే చేశాడు. దక్షిణాన ఏలిన పెతియాన్ మాత్రం భూములు పంచాడు. ఆయన ఖజానా ఖాళీ అయింది, కానీ జనం ఆయన్ని ప్రేమగా తలచుకున్నారు. ఆయన తర్వాత అధ్యక్షుడైన బ్వాయే 1826లో తెచ్చిన గ్రామీణ చట్టం మళ్ళీ రైతుని తోట దాటి కదలకూడదంది. జనం కొండలెక్కేశారు. అంటే దేశం పుట్టి పాతికేళ్ళు నిండకముందే, ప్రభుత్వం కనిపిస్తే దూరంగా పోవాలని పల్లె నేర్చుకుంది. అభివృద్ధి అన్న మాట ఆ పల్లెలకి ఎప్పుడూ ఎవరో వచ్చి తమ చేత పని చేయించుకోవడం లాగే వినబడింది.

ఇక 1825. ఫ్రెంచి రాజు పంపిన యుద్ధనౌకలు రేవులో నిలబడి ఉండగా బ్వాయే సంతకం పెట్టాడు, 15 కోట్ల ఫ్రాంకులు కడతామని. తమని బానిసలుగా ఉంచుకున్నవాళ్ళకి, ఆ బానిసలు పోయినందుకు నష్టపరిహారం. మొదటి వాయిదాకే డబ్బు లేదు. పారిస్ బ్యాంకులోనే 3 కోట్లు అప్పు తీసుకుంటే కమీషన్లు పోను చేతికొచ్చింది 2 కోట్ల 40 లక్షలు. 1838లో మొత్తాన్ని 9 కోట్లకి తగ్గించారు. ఆ అప్పుల తోక 1947 దాకా సాగింది. మన తాతల కాలం దాకా అన్నమాట. కొండ మీద కాఫీ పండించిన రైతు కట్టిన సుంకం ఊరి బడికి, ఊరి రోడ్డుకి రాకుండా సముద్రం దాటిపోయింది. 2025 ఏప్రిల్‌లో, సరిగ్గా 200 ఏళ్ళకి, ఫ్రాన్స్ అధ్యక్షుడు దీని మీద చరిత్రకారుల కమిషన్ వేస్తామన్నారు. తిరిగిచ్చే మాట మాత్రం ఎత్తలేదు.

1915 నుంచి 1934 దాకా అమెరికా సైన్యం ఏలింది. రోడ్లు వేశారు, రైతుల్ని తాళ్ళతో కట్టి తెచ్చి వెట్టి చేయించి వేశారు. ఎక్కువగా రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌కి చేరేలా వేశారు. పోతూ పోతూ ఒక సైన్యాన్ని తయారుచేసి వెళ్ళారు. ఆ సైన్యం ఏనాడూ పరాయి దేశంతో యుద్ధం చెయ్యలేదు, సొంత ప్రభుత్వాల్ని మార్చింది. "రాజ్యాంగం కాగితం, బాయినెట్ ఇనుము" అని అక్కడో సామెత.

హైతీ జనం మాట్లాడే క్రెయోల్ భాషలో రాజ్యాన్ని "లెటా" అంటారు. జులుం చేసేవాడిని కూడా లెటా అనే అంటారు. పల్లెవాళ్ళకి "మూన్ అండెయో" అని పేరు, బయటి మనుషులు అని అర్థం. పుట్టిన సర్టిఫికెట్ మీద రైతు అని ముద్ర వేసి ఇచ్చే పద్ధతి 1990ల దాకా ఉండేది. సొంత దేశంలో జనాభాలో ఎక్కువమందిని బయటివాళ్ళని పిలుచుకునే చోట నాయకుడు ఎవరైతే మాత్రం ఎవరికి జవాబు చెబుతాడు?

బియ్యం సంగతి

ఇక్కడ కొంచెం ఆగాలి. ఎందుకంటే ఇది మా ఇంటి హాల్లో నా కళ్ళముందు జరిగింది.

ఒక రోజు మధ్యాహ్నం అమ్మకి అన్నం పెడుతూ ఆవిడ మెతుకుల్ని చూసి ఏదో అంది. వాళ్ళ నాన్నకి ఆర్టిబోనిట్ లోయలో వరి మడి ఉండేదట. అది హైతీకి అన్నపూర్ణ లాంటి లోయ. నేను తెలుగులో చెప్పగానే అమ్మ మంచం మీద లేచి కూర్చుంది. అమ్మకి ఇంగ్లీషు రాదు, ఆవిడకి తెలుగు రాదు. అమ్మ మూడు వేళ్ళ మధ్య నారు పట్టుకున్నట్టు పట్టి, బొటనవేలితో కిందకి గుచ్చి చూపించింది. ఆవిడ గరిటె పక్కన పెట్టి, నడుం వంచి, అదే పని గబగబా నాలుగు అడుగులు వెనక్కి నడుస్తూ చేసి చూపించింది. ఇద్దరూ నవ్వారు. ఆ తర్వాత గంటసేపు నేను అనువాదకుణ్ణి మాత్రమే. ఊడ్పులు ఎప్పుడు, మాసూళ్ళు ఎప్పుడు, కూలి గింజల్లో ఇస్తారా డబ్బులా. "మరి చేలు ఏమయ్యాయి?" అని అమ్మ అడిగింది.

ఆవిడ చెప్పింది ఒక్క మాట, "మయామీ బియ్యం." అమెరికా నుంచి వచ్చే చవక బియ్యాన్ని అక్కడ అలా పిలుస్తారు. 1980ల దాకా హైతీ తన బియ్యం దాదాపు తనే పండించుకునేది. డువాలియర్ కొడుకు పారిపోయాక వచ్చిన సైనిక ప్రభుత్వం తలుపులు కొంత తెరిచింది. 1994లో అమెరికా సైనికుల అండతో తిరిగొచ్చిన అరిస్టీడ్, అప్పులిచ్చేవాళ్ళ షరతు ప్రకారం 1995లో బియ్యం మీద దిగుమతి సుంకాన్ని 3 శాతానికి దించాడు. అక్కడ సబ్సిడీతో పండిన బియ్యం వచ్చి పడింది. ఇప్పుడు తినే బియ్యంలో 80 శాతానికి పైగా బయటి నుంచే. 2010 మార్చిలో బిల్ క్లింటన్ సెనేట్ కమిటీ ముందు ఇది తప్పయిందని ఒప్పుకున్నాడు. తన ఆర్కన్సా రైతులకి మంచిదైంది గానీ, హైతీకి తన జనానికి తిండి పండించే శక్తి తన వల్లే పోయిందని, రోజూ ఆ భారంతో బతుకుతున్నానని అన్నాడు. ఆ మాటలు అన్నప్పుడు ఆయన నిజంగానే బాధపడ్డాడని నమ్ముతాను. ఆవిడ నాన్న మాత్రం అప్పటికి పదేళ్ళ ముందే మడి వదిలేశాడు.

67 శాతం ఓట్లేసింది ఈ రైతులే. వాళ్ళ మనిషే గద్దె మీద ఉండగా వాళ్ళ చేలు ఎండాయి. దానికి కారణం ఆయనకి రైతుల మీద ప్రేమ లేకపోవడమని నేను అనుకోను. తిరిగి కుర్చీలోకి వచ్చిన దారి ఎవరిదో, షరతులూ వాళ్ళవే అయ్యాయి.

2021లో ఇది మరీ పచ్చిగా కనబడింది. మొయిజ్ హత్య తర్వాత ప్రధాని నేనంటే నేనని ఇద్దరు పోటీపడ్డారు. జూలై 17న కోర్ గ్రూప్ అనే విదేశీ రాయబారుల బృందం ఒక ప్రకటన చేసింది, ఏరియల్ హెన్రీ ప్రభుత్వం ఏర్పాటు చెయ్యాలని. రెండు రోజుల్లో రెండోవాడు తప్పుకున్నాడు. కోటి మందికి పైగా ఉన్న దేశానికి ప్రధాని ఎవరో ఒక పత్రికా ప్రకటనతో తేలిపోయింది. అదే ఆగస్టులో అక్కడి సంఘాలు, రైతు సంస్థలు, పార్టీలు కలిసి మోంటానా ఒప్పందం అని రెండేళ్ళ మధ్యంతర ప్రభుత్వానికి తమ పథకం తయారుచేశాయి. దాన్ని పట్టించుకున్న రాయబారి లేడు. ఎవరి దయతో వచ్చాడో వాళ్ళకే జవాబు చెబుతూ హెన్రీ 2024 దాకా ఎన్నికలు లేకుండా గడిపాడు. ఆ లోపు రాజధానిలో ఎక్కువ భాగం ముఠాల చేతిలోకి పోయింది.

బాబాయిగారి ఎదురు ప్రశ్నలు

ఈ మాటలన్నీ తర్వాత ఓసారి ఫోన్లో బాబాయిగారికి చెప్పాను. ఓపిగ్గా విన్నారు. "సరే, మరి పక్కనే డొమినికన్ రిపబ్లిక్ ఉంది. అదే ద్వీపం. అక్కడా అమెరికా సైన్యం దిగింది, అక్కడా నియంత ఉన్నాడు. వాళ్ళెందుకు బాగుపడ్డారు?" అని అడిగారు. ఇది తీసిపారేసే ప్రశ్న కాదు. 1960 ప్రాంతంలో రెండు దేశాల తలసరి ఆదాయాల మధ్య పెద్ద తేడా లేదు. ఇప్పుడు వాళ్ళది ఎన్నో రెట్లు ఎక్కువ.

నా దగ్గర ఉన్నది సగం జవాబే. డొమినికన్ భుజాల మీద 1825 లాంటి అప్పు లేదు. అక్కడ నియంత ట్రుహియో తన సొంత లాభం కోసమే అయినా దేశంలోని చక్కెర మిల్లులు, పొలాలు తన గుప్పిట్లో పెట్టుకున్నాడు. దేశం పండితే తన పెట్టె నిండే ఏర్పాటు. కాటన్ కాలం నాటి కంపెనీకి ఉన్న ముడి లాంటిదే. దానికి చెల్లించిన వెల మరిచిపోకూడదు. 1937 అక్టోబరులో సరిహద్దులో వేలమంది హైతీ వాళ్ళని కత్తులతో నరికించింది ఆయనే. ఆ తర్వాత దశాబ్దాల్లో అక్కడ ఎన్నికలు కుంటుతూనైనా ఒకదాని తర్వాత ఒకటి జరిగాయి, టూరిజం వచ్చింది. ఇందులో నాయకుల పాత్ర లేదని అనలేను. ఈ ఒక్క చోట బాబాయిగారి మాటకి బలం ఉందని ఒప్పుకుంటున్నాను.

రెండోది పెట్రోకరీబ్ అనే చమురు ఒప్పందం. వెనెజ్వేలా చమురిచ్చింది, డబ్బులో కొంత నెమ్మదిగా కట్టమంది. మిగిలిన సొమ్ముతో అభివృద్ధి పనులు చేసుకోమంది. సుమారు 200 కోట్ల డాలర్లు. ఏ రాయబారీ మెడ మీద కత్తి పెట్టలేదు. ఆ డబ్బు ఏమైంది? 2018 ఆగస్టులో ఒక యువకుడు కళ్ళకి గంతలు కట్టుకుని, "పెట్రోకరీబ్ డబ్బెక్కడ?" అని రాసిన అట్టముక్క పట్టుకుని ఫొటో పెడితే దేశమంతా వీధుల్లోకి వచ్చింది. 2019లో హైతీ ఆడిట్ కోర్టే లెక్కలు తీసింది. వెయ్యని రోడ్లు, ఒకే పనికి రెండుసార్లు చెల్లింపులు. మొయిజ్ గారి అరటి కంపెనీ పేరు కూడా అందులో ఉంది. ఈ దోపిడీ హైతీ పెద్దమనుషులు హైతీ పేదల మీద చేసింది. దీన్ని పాత అప్పుల కథతో కప్పేస్తే, ఆ అట్టముక్క పట్టుకున్న కుర్రవాళ్ళకి అన్యాయం చేసినట్టే. నిలదీసినవాళ్ళు కూడా వాళ్ళే కదా.

మూడోది నేనే అడుగుతాను. మంచి ఉదాహరణ ఒక్కటీ లేదా? నా మటుకు రెనే ప్రెవాల్. రెండుసార్లు గెలిచి, రెండుసార్లూ కాలం పూర్తి చేసి, గెలిచిన తర్వాతి మనిషికి అప్పగించి వెళ్ళాడు. హైతీలో అది చిన్న సంగతి కాదు. మొదటి దఫా అయ్యాక తన వాళ్ళ ఊరు మార్మలాడ్ వెళ్ళి రైతులతో వెదురు పెంచే పనిలో పడ్డాడు. భూకంపం వచ్చినప్పుడు ఆయనే అధ్యక్షుడు. జనానికి ధైర్యం చెప్పే నాలుగు మాటలు కూడా మాట్లాడలేదని చాలామందికి ఇప్పటికీ కోపం. మా ఇంటికొచ్చే ఆవిడకి మరీ కోపం, "మేం రోడ్డు మీద శవాల పక్కన పడుకుంటే ఆయన గొంతు వినబడలేదు" అంటుంది. నేను వాదించను. కానీ ఆ రోజు ఆయన చేతిలో ఏముంది? పార్లమెంటు భవనం, మంత్రిత్వ శాఖల ఆఫీసులు కూలాయి. వచ్చిన అత్యవసర సహాయంలో హైతీ ప్రభుత్వం చేతికి అందింది నూటికి ఒకటో వంతు. మిగతాది విదేశీ సంస్థల ద్వారా వెళ్ళిపోయింది. ప్రభుత్వం అవినీతిది, డబ్బిస్తే తినేస్తారు అన్నారు. ఇవ్వకపోతే అది పని నేర్చుకునేది ఎప్పుడు? భూకంపం దక్షిణాన వస్తే, కట్టిన పెద్ద పారిశ్రామిక పార్కు ఎక్కడో ఉత్తరాన కరకోల్‌లో, పంట పొలాల్లో కట్టారు. ఆ రైతుల్ని ఖాళీ చేయించి.

కాలువ

2023 ఆగస్టు చివర్లో హైతీ ఈశాన్య మూల వనామింత్ అనే సరిహద్దు ఊళ్ళో రైతులు పలుగూ పారా పట్టుకుని ఒక కాలువ తవ్వడం మొదలుపెట్టారు. మసాకర్ నదిలోంచి మారిబరూ మైదానానికి నీళ్ళు తెచ్చే కాలువ. రెండు దేశాల మధ్య పారే నది అది. 1937లో ఆ నది ఒడ్డునే మనుషుల్ని నరికారు. 2021లో ప్రభుత్వం మొదలుపెట్టి, మొయిజ్ హత్య తర్వాత వదిలేసిన పనిని ఊరివాళ్ళు అందుకున్నారు. డొమినికన్ వైపు వాళ్ళు ఎప్పటి నుంచో ఆ నదిలోంచి నీళ్ళు తోడుకుంటున్నా, సెప్టెంబరు 15న వాళ్ళ అధ్యక్షుడు అబినాడెర్ మొత్తం సరిహద్దు మూసేశాడు. వారానికి రెండు రోజులు అటు సంతకెళ్ళి సరుకు తెచ్చుకుని బతికే హైతీ ఆడవాళ్ళకి అది పెద్ద దెబ్బ. అయినా ఆపలేదు. "కాలువ ఆగదు" అన్నదే నినాదం.

ఎవరో ఒక బస్తా సిమెంటు తెచ్చారు. ఎవరో ఇసుక, ఎవరో కంకర. ఆడవాళ్ళు గట్టు మీదే వంటలు చేశారు. కోన్‌బిట్ అని అక్కడి పాత అలవాటు, మన బదులు పని లాంటిది. ఇవాళ నీ చేలో అందరం, రేపు నా చేలో అందరం. విదేశాల్లో ఉన్న హైతీ వాళ్ళు డబ్బు పంపారు. మా ఇంటికొచ్చే ఆవిడ 50 డాలర్లు పంపింది. నెలాఖరు రోజుల్లో ఆవిడకి 50 డాలర్లంటే ఏమిటో నాకు తెలుసు. "ఎన్నో ఏళ్ళుగా ఇంటికి డబ్బు పంపుతున్నాను. బియ్యానికి, ఆసుపత్రికి, ముఠాలకి కట్టడానికి. ఒక వస్తువు కట్టడానికి పంపింది మొదటిసారి" అంది. 2024కల్లా కాలువలో నీళ్ళు పారాయి.

దీన్ని చూసి పొంగిపోయి, ప్రభుత్వం అక్కర్లేదు జనం చాలు అని రాసేద్దామనుకున్నాను. అమ్మ రాయనివ్వలేదు.

ఆవిడ ఫోన్లో కాలువ వీడియో చూపించింది. కాంక్రీటు గట్ల మధ్య బురద రంగు నీళ్ళు, గట్టు మీద పిల్లలు పరిగెడుతున్నారు. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చూసింది. అమ్మ పుట్టింటి వాళ్ళవి శివారు చేలు. కాలువ చిట్టచివర. ఎగువ వాళ్ళు తడుపుకున్నాక మిగిలితేనే. వంతు వచ్చిన రాత్రి తాతయ్య లాంతరు పట్టుకుని గట్టు మీదే పడుకునేవాడట, పైన ఎవరూ గండి కొట్టకుండా. లస్కరుకి దణ్ణాలు పెట్టేవాడట. ఒక ఏడాది లస్కరు వినకపోతే ఊరంతా లాకుల దగ్గరకెళ్ళి కూర్చుని, పై ఆఫీసరు వచ్చేదాకా లేవలేదని చెబుతుంది. ఆనకట్ట ఎవరు కట్టారో అమ్మ ఎప్పుడూ చెప్పదు. వంతు తప్పితే ఎవరి దగ్గరికెళ్ళి అడగాలో చెబుతుంది.

నేను హైతీ గురించి ఆలోచించే తీరు అక్కడ మారింది. తవ్వడం ఊరు చెయ్యగలదు. వంతులు చూడటానికి, పూడిక తీయించడానికి, శివారుకి అందకపోతే వెళ్ళి నిలదీయడానికి ఒక ఆఫీసు ఉండాలి. ఆర్టిబోనిట్ నది మీద 1956లో కట్టిన పెలీగ్ర్ డ్యాము ఉంది, కాలువలూ ఉన్నాయి. చూసుకునే నాథుడు లేక పూడిపోయాయి. ఇప్పుడు ఆ లోయలో ముఠాలు రైతుల దగ్గర కప్పం కట్టించుకుంటున్నాయి. 2024 అక్టోబరు 3న పోంసోందే ఊళ్ళో 70 మందికి పైగా మనుషుల్ని చంపేశారు. ఆవిడ అక్క కుటుంబం ఆ రోజు కట్టుబట్టలతో సేంట్ మార్క్ పారిపోయింది. తుపాకీ ముందు కోన్‌బిట్ నిలబడదు. అక్కడ కావలసింది రాజ్యమే. ఆ రాజ్యం వనామింత్ రైతు వెళ్ళి తలుపు కొట్టగలిగేది కావాలి. 2024లో కూర్చోబెట్టిన తొమ్మిదిమంది మధ్యంతర మండలిలో ముగ్గురి మీద నెలలు గడవకుండానే లంచం ఆరోపణలొచ్చాయి. హైతీ అవినీతి నిరోధక సంస్థే ఆ ఫిర్యాదు తేల్చింది. ఆ సంస్థలో పనిచేసేవాళ్ళు కూడా అదే ఊళ్ళో, అదే తుపాకుల మధ్య ఉంటున్నారు. మండలి గడువు 2026 ఫిబ్రవరి 7 అని రాసుకున్నారు. ఈసారి బయటివాళ్ళు గట్టివాడి కోసం వెతకడం మానేసి, ఆ ఆడిటర్లకీ ఊరి సంఘాలకీ అండగా ఉంటారా అన్నదే నా దిగులు.

వీడియో అయిపోయాక అమ్మ కళ్ళజోడు తీసి, "తూము తాళం ఎవరి దగ్గరుంటుందో అడుగు" అంది నాతో. ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ కాసేపు ఆలోచించింది. తెలీదంది. ఆ సాయంత్రం డ్యూటీ దిగి, గుమ్మం దగ్గర స్టూలు మీద కూర్చుని బూట్లు వేసుకుంటూ ఎవరికో క్రెయోల్‌లో వాయిస్ మెసేజ్ పెట్టింది. అందులో నాకు అర్థమైన మాట ఒక్కటే, కనాల్.